అరిఫ్‌జాన్ ప్రహరీకి ఇవతల

కువైట్ నగరం నుండి సముద్రాన్ని ఎడమచేతి వైపున ఉంచుకొని దక్షిణానికి ప్రయాణిస్తే ఫింతాస్, మహబూలా, మంగఫ్, ఫహాహీల్ అనే పేటలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అవి దాటాక చమురు శుద్ధి కర్మాగారాల పొగగొట్టాలు, షుఐబా రేవు కనిపిస్తాయి. ఆ పైన దారి సముద్రాన్ని విడిచి ఎడారిలోకి మళ్ళుతుంది. ఆ ఎడారిలో అరిఫ్‌జాన్ అనే అమెరికా సైనిక స్థావరం ఉంది. మన రాయచోటి, రాజంపేట, కోడూరు ప్రాంతాల ఇళ్ళలో ఆ స్థావరం సంగతి వినని వారు తక్కువ. ‘మావాడు మిలిటరీ క్యాంపులో చేస్తున్నాడు’ అని చెప్పే తల్లి గొంతులో కొంత గర్వం కూడా ధ్వనిస్తుంది. అక్కడ ఏం పని చేస్తున్నాడని అడిగితే మాత్రం ఆమె వద్ద జవాబు ఉండదు.

గత శీతకాలంలో మేము మా తమ్ముని ఇంటికి వెళ్ళి పద్దెనిమిది రోజులు కువైట్‌లో గడిపాము. మా మదరసాలో చదువుకొని, ఇప్పుడు ఆ స్థావరంలో పనిచేస్తున్న ముగ్గురు యువకులు మమ్మల్ని చూడటానికి వచ్చారు. తరువాత వారి గదికి మేమే వెళ్ళాము. ఒకసారి కాదు, నాలుగుసార్లు. స్థావరం లోపలికి మేము పోలేదు. గుర్తింపు కార్డు లేనివారికి అక్కడ ప్రవేశం లేదు. కనుక ఇక్కడ రాస్తున్నది ప్రహరీకి ఇవతల నిలబడి చూసినదీ, నిత్యం అవతలికి పోయి వచ్చేవారి నోట విన్నదీ మాత్రమే. వారి జీవనోపాధి దృష్ట్యా వారి పేర్లు గాని, వారి కంపెనీల పేర్లు గాని రాయడం లేదు.

ఆ స్థావరం అక్కడికి ఎలా వచ్చిందో మన పెద్దలలో కొందరికి గుర్తుండే ఉంటుంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. అక్కడ చిక్కుకుపోయిన మనవారిని జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా ఎయిర్ ఇండియా విమానాలు స్వదేశానికి చేర్చాయి. అలా చేరినవారు సుమారు 1,70,000 మంది. మా వీధిలో కూడా ఆ ఏడాది కట్టుబట్టలతో దిగినవారు ఉన్నారు. 1991లో కువైట్ విముక్తి పొందింది. ఆ ఏడాదే అమెరికాతో రక్షణ ఒప్పందం కుదుర్చుకుంది. మొదట నగరానికి పడమట, దోహా రేవు దగ్గరి గిడ్డంగుల ప్రాంతంలో వారి సైన్యం ఉండేది. తరువాత నగరానికి దూరంగా అరిఫ్‌జాన్‌ను నిర్మించారు. 2003లో ఇరాక్ మీదికి పోయిన సేనలు ఈ కువైట్ నేల మీదుగానే పోయాయి. ఈ సంగతికి మళ్ళీ వస్తాము.

సైన్యం ఉన్నచోట సైన్యానికి వండేవారు, ఉతికేవారు, ఊడ్చేవారు ఉండక తప్పదు. ఇది కొత్త ఏర్పాటు కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆంగ్లేయుల సేన బస్రాలో దిగినప్పుడు దాని వెంట మన దేశపు వంటవారు, భిశ్తీలు, చాకలివారు, మోతకూలీలు వెళ్ళారు. సైనిక దస్త్రాలలో వారిని ‘ఫాలోయర్లు’ అన్నారు, అంటే వెంట నడిచేవారు. 1916 ఏప్రిల్‌లో కూత్ పట్టణం తుర్కుల వశమైనప్పుడు సైనికులతో పాటు ఈ వెంట నడిచేవారూ బందీలయ్యారు. నేడు వారిని కాంట్రాక్టు సిబ్బంది అంటున్నారు. ఇరాక్ యుద్ధం ఉధృతంగా సాగిన కాలంలో ఒక్క ఇరాక్‌లోనే ఇటువంటివారు లక్షన్నరకు పైగా ఉండేవారు. వారిలో సైన్యం గల దేశపు పౌరులు కొందరే. యుద్ధం జరిగే దేశపు పౌరులు కొందరు. ఈ రెండూ కాని మనవంటి దేశాలవారిని ‘మూడవ దేశపు పౌరులు’ అనే పేరుతో లెక్కిస్తారు. నేపాలీలు, ఫిలిప్పీన్స్‌వారు, శ్రీలంకవారు, బంగ్లాదేశీయులు, మనవారు అందరూ ఆ లెక్కలోనివారే.

మహబూలాలో తెల్లవారుజాము మూడున్నరకే బస్సులు వచ్చి నిలుస్తాయి. చేతిలో అన్నం డబ్బా, మెడలో గుర్తింపు కార్డు తగిలించుకొని మనుషులు మాటామంతీ లేకుండా ఎక్కి కూర్చుంటారు. కూర్చున్న వెంటనే తల వాల్చి నిద్రపోతారు. ముప్పావు గంటలో స్థావరం వస్తుంది. ద్వారం దాటడానికి కొన్ని రోజులు అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. అందరూ దిగాలి, వరుసలో నిలవాలి, కార్డు చూపాలి, వేలిముద్ర వేయాలి, జేబులు ఖాళీ చేయాలి. అన్నం డబ్బా మూత తీసి చూపాలి. ‘హజరత్, మేము పన్నెండు గంటలు పని చేస్తామని ఇంట్లో అనుకుంటారు. మేము పదహారు గంటలు గది విడిచి ఉంటాము. ఆ నాలుగు గంటలు ఎవరి లెక్కలోనూ లేవు’ అన్నాడు మా విద్యార్థి. అతనికి ఇద్దరు పిల్లలు. చిన్నమ్మాయి పుట్టిన తరువాత ఒక్కసారే చూశాడు.

అతని పని బట్టల ఉతుకు. సైనికుడు సంచి తెస్తే అతని ఎదుటే విప్పి ఒక్కొక్కటీ లెక్కపెట్టాలి. చొక్కాలు ఎన్ని, ప్యాంట్లు ఎన్ని, మేజోళ్ళు ఎన్ని జతలు అని చీటీ మీద రాసి సంతకం తీసుకోవాలి. మూడు రోజుల్లో ఉతికి, ఆరబెట్టి, మడిచి అదే లెక్కతో అప్పగించాలి. ఒక్క మేజోడు తగ్గినా ఫిర్యాదే. ఉతికే ముందు జేబులు వెతకాలి. జేబుల్లో కలాలు, నాణేలు, ఒక్కోసారి తూటాలు దొరుకుతాయి. తూటా దొరికితే చేత్తో పట్టుకోకుండా పైఅధికారిని పిలవాలి. ఒకసారి ఒక చొక్కా జేబులో పసిపిల్ల గీసిన ఇంటి బొమ్మ దొరికిందట. దానిని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మడిచిన బట్టలపైన గుచ్చి ఇచ్చాడు. సైనికుడు దానిని చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. ఈ మాట చెప్పి మా విద్యార్థి కూడా ఏమీ మాట్లాడలేదు.

రెండవ యువకుడు భోజనశాలలో ఉన్నాడు. అక్కడ దానిని ‘డీఫ్యాక్’ అంటారు. వారి దస్త్రపు పేరులోని అక్షరాలను కుదించి పలికే మాట అది. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, మళ్ళీ నడిరాత్రి కాపలావారికని నాలుగు పూటలు వడ్డన జరుగుతుంది. లోపలికి వచ్చే ప్రతి ఒక్కరూ, ఎంత పెద్ద అధికారి అయినా, గుమ్మం దగ్గర చేతులు కడుక్కొని తీరాలి. ఈ నియమం మాకు బాగా నచ్చింది. మన విందుల్లో కూడా గుమ్మం దగ్గర ఇటువంటి కాపలా ఒకటి ఉంటే మంచిది. గుమ్మంలో ఒక మనిషి వచ్చినవారి తలలు లెక్కపెడుతూ ఉంటాడు. ఆ లెక్కనుబట్టే కంపెనీకి డబ్బు. వడ్డించేవాడికి మాత్రం ఆ బల్లల మీది భోజనం లేదు. అతనికి వేరే అన్నం, పప్పు, కోడికూర కంపెనీ డబ్బాల్లో వస్తాయి. కువైట్‌లోని ఆ సైనికులకు మద్యం నిషిద్ధమని తెలిసి మేము ఆశ్చర్యపోయాము. అది వారి సైన్యం తనకు తాను పెట్టుకున్న ఆజ్ఞ.

మూడవ యువకుడు వయసులో పెద్ద. అతను అంతకుముందు అఫ్ఘానిస్తాన్‌లో, కాబూల్‌కు ఉత్తరాన ఉన్న బగ్రామ్ స్థావరంలో మూడేళ్ళు పనిచేశాడు. 2021 జూలై తొలి రోజుల్లో రాత్రికి రాత్రి అమెరికన్లు ఖాళీ చేసి వెళ్ళిన స్థావరం అదే. అక్కడ ఉదయపు బల్ల మీద పందిమాంసం ఉండేదనీ, తాను దానిని ముట్టలేనని పైవానికి విన్నవించుకుంటే గిన్నెలు కడిగే పనికి మార్చారనీ చెప్పాడు. ‘అడగడానికి మూడు నెలలు భయపడ్డాను, హజరత్. అడిగిన రోజునే మార్చారు’ అన్నాడు. అతని మాటల మధ్య ‘రోజర్’ అనే పదం తరచూ దొర్లుతుంది. సరే అనడానికి సైనికులు వాడే మాట అది. ఇంట్లో భార్యతో ఫోనులో కూడా అలాగే అంటాడని తోటివారు ఆటపట్టించారు.

వారి గది మహబూలాలో ఒక ఆరంతస్తుల భవనంలో ఉంది. ఒక గదిలో ఎనిమిది మంది. మంచం మీద మంచం. ప్రతి మంచానికీ చీరతోనో దుప్పటితోనో ఒక తెర. ఆ తెర లోపలి స్థలమే మనిషికి మిగిలిన ఏకాంతం. అందులోనే నమాజు టోపీ, పిల్లల ఫోటో, ఊరగాయ సీసా, ఫోను ఛార్జరు ఉంటాయి. పగలు పనికి పోయేవారి మంచాల పక్కనే రాత్రి పనిచేసి వచ్చినవారు నిద్రపోతుంటారు కనుక ఆ గదిలో ఎప్పుడూ మాటలు గుసగుసగానే సాగుతాయి. దిగడానికి ఒకే మెట్లదారి ఉంది. ఆ మెట్లు దిగుతున్నప్పుడు మాకు పక్కపేట మంగఫ్ గుర్తుకు వచ్చింది. 2024 జూన్ 12 వేకువన అక్కడ కార్మికులుండే భవనంలో మంటలు లేచి 45 మంది భారతీయులు మరణించారు. వారు సైనిక స్థావరపు కార్మికులు కారు. అయినా వారు పడుకున్న మంచాలు ఇటువంటివే. కొడుకు మిలిటరీ క్యాంపులో ఉన్నాడంటే మనం రాకెట్లను గురించి భయపడతాము. 2025 జూన్ 23 రాత్రి ఇరాన్ క్షిపణులు ఖతర్‌లోని అల్ ఉదైద్ స్థావరం మీదికి వచ్చినప్పుడు కువైట్ కూడా తన గగనతలాన్ని కొంతసేపు మూసివేసింది. ఆ రాత్రి మా వీధిలో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. అయితే రాకెట్టు ఎప్పుడో ఒకనాటి భయం. ఆ ఇరుకు మెట్లదారి ప్రతి రాత్రి వారితోనే ఉంది.

వేసవి గురించి వేరే చెప్పాలి. కువైట్‌లో 2016 జూలైలో మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీల వేడి నమోదైంది. జూన్ నుండి ఆగస్టు వరకు పగలు పదకొండు నుండి నాలుగు గంటల దాకా ఎండలో పని చేయించరాదని ఆ దేశపు నియమం. బట్టలారబెట్టే యంత్రాల మధ్య పనిచేసేవాడు ఎండలో లేడు కనుక ఆ నియమం అతనికి వర్తించదు. రమజానులో ఆ యంత్రాల మధ్య ఉపవాసంతో నిలబడటం ఎలా ఉంటుందో మేము ఊహించడానికి ప్రయత్నించి విరమించుకున్నాము. ఇఫ్తారు చాలా రోజులు బస్సులోనే జరుగుతుంది. డ్రైవరు పాకిస్తానీ అయితే బండి పక్కకు ఆపి ఖర్జూరాలు పంచుతాడట. నమాజుకు యంత్రాల వెనుక అట్టపెట్టెలు విప్పి పరుస్తారు. ఖిబ్లా నైరుతి దిశగా ఉంటుంది. అక్కడ గోడ మీద సున్నంతో చిన్న గీత ఒకటి గీసి ఉందట. ఎవరు గీశారో ఇప్పుడున్న వారెవరికీ తెలియదు. శుక్రవారం కువైట్‌కు సెలవు, స్థావరానికి కాదు. జుమా నమాజు దొరకడం షిఫ్టు మీదా, పైవాని మనసు మీదా ఆధారపడి ఉంటుంది. తమలో తాము వంతులు మార్చుకొని నెలకు రెండు జుమాలైనా మస్జిదులో చదువుతున్నామని వారు చెప్పారు.

ఇక ఆ మాట. ఈ ఉద్యోగం ధర్మసమ్మతమేనా అని మమ్మల్ని అడిగేవారు అనేకులు. ఈ నేల మీదుగా పోయిన సేనలు ఎవరి ఊళ్ళ మీదికి పోయాయో వారికీ తెలుసు, మాకూ తెలుసు. బగ్రామ్‌లో పనిచేసిన యువకుడు ఈ ప్రశ్న అడిగేటప్పుడు మా కళ్ళలోకి చూడలేదు. బట్టలు ఉతకడం బట్టలు ఉతకడమే, మందుగుండు మోయడం మరొకటి. కనుక అందరికీ కలిపి ఒకే జవాబు చెప్పడానికి మేము సిద్ధంగా లేము. ఎవరి చేతులు ఏ పని చేస్తున్నాయో స్పష్టంగా విన్నవించి విద్వాంసుల వద్ద విడివిడిగా తెలుసుకోవలసిన విషయం ఇది. మేము అతనికి చెప్పింది అంతే.

అయితే ఆ ప్రశ్నకు పక్కన మరొక ప్రశ్న ఉంది. దానిని ఎవరూ అడగరు. మేమే అడిగాము. ఈ ఉద్యోగం కోసం ఏజెంటుకు ఎంత ఇచ్చారు, ఆ డబ్బు ఎక్కడిది? ఒకరు లక్షన్నర, ఒకరు లక్షా ఎనభై వేలు, ఇంకొకరు రెండు లక్షలు ఇచ్చారు. ముగ్గురిలో ఇద్దరు నూటికి మూడు రూపాయల నెల వడ్డీకి తెచ్చి ఇచ్చారు. దీనారు విలువ మన రూపాయల్లో 270కి పైనే అయినా మొదటి ఏడాదిన్నర జీతం ఆ అప్పూ వడ్డీల కిందనే పోయింది. నెల జీతం హలాలేనా అని మథనపడిన ఇంట్లోనే వడ్డీ పత్రం మీద వేలిముద్ర వేయడానికి ఎవరూ మథనపడలేదు. ఇది కఠినమైన మాటే. కానీ అది అనకుండా ఊరుకోలేకపోయాము.

అంతకన్నా బాధాకరమైన విషయం ఏమిటంటే, ఆ డబ్బు అసలు ఇవ్వవలసినదే కాదు. విదేశీ ఉద్యోగానికి పంపే లైసెన్సుగల ఏజెంటు అభ్యర్థి నుండి 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ తప్ప తీసుకోరాదని మన దేశపు నియమం. అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టుల కింద పనిచేసేవారి విషయంలో వారి నియమం ఇంకా కఠినం. కార్మికుని నుండి నియామక రుసుము ఒక్క రూపాయి కూడా వసూలు చేయరాదు. పాస్‌పోర్టు లాక్కోరాదు. పని షరతులను కార్మికునికి అర్థమయ్యే భాషలో ముందే చెప్పాలి. పని ముగిశాక తిరుగు ప్రయాణపు ఖర్చు యజమానే భరించాలి. ఈ నియమాలు కాంట్రాక్టు పత్రంలోనే భాగంగా ఉంటాయి, కింది అంచెలవారికీ వర్తిస్తాయి. మరి రెండు లక్షలు ఎక్కడికి పోతున్నాయి? అమెరికాలో పెద్ద కంపెనీ, దాని కింద కువైట్‌లో ఒక కంపెనీ, దానికి మనుషులను సరఫరా చేసే మరొకటి, ముంబైలో ఒక కార్యాలయం, మన ఊరి బస్టాండు పక్కన ఒక మనిషి. పైన ఉన్నవాడికి కింద జరిగేది కనబడదు. కింద ఉన్నవాడికి పైన రాసినది తెలియదు.

తెలియవలసిన వాటిలో ముఖ్యమైనది మరొకటి ఉంది. దీనిని ప్రతి ఇంటివారూ చదవాలని మా విన్నపం. 1941లో అమెరికా కాంగ్రెసు ‘డిఫెన్స్ బేస్ యాక్ట్’ అనే చట్టం చేసింది. విదేశాల్లోని వారి సైనిక స్థావరాల్లో కాంట్రాక్టుల కింద పనిచేసేవారు గాయపడినా మరణించినా పరిహారం ఇవ్వడానికి యజమాని తప్పనిసరిగా బీమా చేయించాలి. కార్మికుడు ఏ దేశస్థుడైనా, ఎన్నవ అంచె ఉపకాంట్రాక్టరు కింద ఉన్నా ఇది వర్తిస్తుంది. గాయమైతే వైద్యం ఖర్చు, పని చేయలేని కాలానికి జీతంలో మూడింట రెండు వంతులు. పనిమూలంగా మరణిస్తే భార్యకు జీతంలో సగం, పిల్లలు కూడా ఉంటే మూడింట రెండు వంతులు. విదేశీయుల విషయంలో మున్ముందు రావలసిన సొమ్ము విలువలో సగం ఒకేసారి ఇచ్చి ముగించే వెసులుబాటు కూడా చట్టంలో ఉంది. ఇది న్యాయమని మాకు తోచలేదు, అయినా ఉన్నమాట చెప్పాలి. హక్కు కోరడానికి సాధారణంగా ఏడాది గడువు. యజమానికి సంగతి తెలిసి కూడా తన నివేదికను ప్రభుత్వానికి పంపకపోతే ఆ గడువు మొదలు కాదు. ఈ హక్కును వదులుకుంటున్నానని కార్మికుడు ఏ కాగితం మీద సంతకం చేసినా అది చెల్లదు. వారి కార్మిక శాఖ ఆమోదం లేని రాజీకి విలువ లేదు. ఆ శాఖ ఆమోదించకుండా వకీలు ఫీజు వసూలు చేయడం కూడా నేరమే.

మేము ఈ సంగతి చెప్పినప్పుడు ఆ గదిలోని ఎనిమిది మందిలో ఒక్కరికీ దీని గురించి తెలియదు. ముగ్గురు తమ నియామక పత్రాన్ని ఫోనులో ఫోటో తీసి ఇంటికి పంపించారు. మిగతావారి వద్ద పత్రమే లేదు, కంపెనీ దగ్గర ఉందట. పైకంపెనీ పేరేమిటో చెప్పగలిగినవాడు ఒక్కడే. ఆ పేరు, కాంట్రాక్టు సంఖ్య, జీతపు చీటీలు, సివిల్ ఐడీ నకలు ఇంట్లో భార్య చేతికి చేర్చండని వారికి చెప్పి వచ్చాము. పెట్టెలో కాదు, ఆమె చేతికి.

ఈ చట్టాన్ని మేము శ్రద్ధగా తెలుసుకోవడానికి కారణం మా మదరసాలో హిఫ్జు చదువుతున్న ఒక బాలుడు. అతని తండ్రి 2012లో అఫ్ఘానిస్తాన్‌లోని ఒక స్థావరపు వంటశాలలో పొయ్యి పేలి కాలిన గాయాలతో మరణించాడు. అప్పటికి బాలునికి రెండేళ్ళు నిండలేదు. శవపేటికతో పాటు ఒక మనిషి వచ్చాడు. మూడు లక్షల రూపాయలు ఇచ్చి, ఇంగ్లీషులో ఉన్న కాగితం మీద ఆ ఇల్లాలి వేలిముద్ర తీసుకొని వెళ్ళాడు. ఆమె ఇన్నేళ్ళూ దర్జీపని చేసి ముగ్గురు పిల్లలను సాకింది. కువైట్ నుండి తిరిగి వచ్చాక మేము ఆమె ఇంటికి వెళ్ళి, ఆ కాగితం నకలు ఉందా అని అడిగాము. ఆమె బియ్యపు డబ్బా అడుగు నుండి ఒక ప్లాస్టిక్ సంచి తీసింది. అందులో కాగితం నకలుతో పాటు భర్త గుర్తింపు కార్డు, చివరి రెండు నెలల జీతపు చీటీలు, విమానపు సరుకు రసీదు భద్రంగా ఉన్నాయి. ‘ఎందుకు దాచానో నాకే తెలియదు, హజరత్. ఆయన పేరున్న కాగితం పారేయబుద్ధి కాలేదు’ అంది. కార్డు మీద పైకంపెనీ పేరు స్పష్టంగా ఉంది.

కడపలో మాకు తెలిసిన న్యాయవాది ఆ కాగితాలన్నీ చదివి, మరణం సంగతిని యజమాని అప్పట్లో తెలియజేశాడా లేదా అని అడుగుతూ అమెరికా కార్మిక శాఖకు ఉత్తరం రాశారు. ఈ వ్యాసం పంపేనాటికి జవాబు రాలేదు.